ఎడమ స్టిక్

రిచీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం మూడింటికి
నీడ కూడా అద్దెకే దొరుకుతుంది.
రెండో అంతస్తు మెట్ల మలుపులో
ఒక స్టూలు, భూతద్దం, సోల్డరింగ్ పొగ.
కావలి నుంచి వచ్చిపడ్డ మస్తానయ్య
నా కంట్రోలర్ పొట్ట విప్పి చూసి
"ఎడమ స్టిక్ అరిగిపోయిందన్నా" అన్నాడు,
పళ్ళ డాక్టరంత తాపీగా.

మార్చాలంటే తొమ్మిదొందలు.
కొత్తదైతే ఆరువేల చిల్లర.
నా దగ్గర ఒక ఐదొందల నోటు,
పెరంబూర్ దాకా రైలు పాసు.

"ఇలాగే వాడితే ఎన్నాళ్ళొస్తుంది?"
"ముట్టుకోకపోతే ఎన్నాళ్ళైనా వస్తుంది."

ఇంట్లో లెక్కల పుస్తకం ఒకటుంది.
పాలు, గ్యాసు, చీటీ డబ్బు
ముందు పేజీల్లో వకుళ రాసే నీలం సిరా.
చివరి పేజీ నుంచి వెనక్కి నడిచొచ్చేది
నా పెన్సిలు:
పెట్టె, పద్దెనిమిది వాయిదాలు.
పెట్టెకు తగ్గ టీవీ. టీవీకి తగ్గ స్టెబిలైజరు.
నెట్టుకి కట్టాక, ఆ నెట్టులో
నలుగురితో కలిసి ఆడుకోవడానికి
మళ్ళీ ఏడాది చందా.
చారాణా కోడికి బారాణా మసాలా అంటారు గానీ
ఇక్కడ కోడి కూడా బారాణాయే.
తడిసి మోపెడైన ఈ గడ్డిని
ఇంకా కూడలేదు నేను, అడుగున గీత గీసి వదిలేశాను.

కూడిన లెక్క ఒకటే:
డిస్కు ఐదువేలు, ఆడింది నూట నలభై గంటలు,
గంటకి ముప్పై ఆరు రూపాయలు పడింది.
మూలమీది కాఫీకి ఇంకో రూపాయి కలిపితే సరి!
గొప్పగా చెప్పాను వకుళకి.
బఠాణీలు ఒలుస్తూ అడిగింది:
"మరి ఆ అరలో
ప్లాస్టిక్ చుట్టు కూడా విప్పని నాలుగున్నాయే,
వాటికి గంటకెంత?"

సున్నాతో భాగించకూడదని
ఎనిమిదో తరగతిలోనే చెప్పారు మాకు.

తగ్గింపు ధరకి కొన్నవి అవి.
కాగితాల గోదాములో పన్నెండు గంటలు నిలబడి
ఆదివారం ఒక్కపూట చేతికొచ్చేవాడు
ఐదు రాజ్యాలు ఎప్పుడు గెలుస్తాడు?
అయినా కొన్నాను.
డబ్బిచ్చి కొన్నది ఆటని కాదనుకుంటా,
ఎప్పుడో దొరకబోయే తీరికని.

కరెంటు వాళ్ళు రెండు నెలలకోసారి వస్తారు.
ఐదొందల యూనిట్లు దాటితే
ఎప్పుడో కాల్చిన యూనిట్లకీ రేటు మారిపోతుంది.
అందుకే ఆఖరి వారం వకుళ
మెట్ల కింద ఫోను లైటు వేసి మీటరు చదివొస్తుంది.
"నాలుగొందల ఎనభై ఆరు."
అంతే,
సగం కట్టిన వంతెన, నీళ్ళు తాగని గుర్రం,
ముట్టడిలో ఉన్న కోట
ఎక్కడివక్కడ ఆగిపోతాయి.
మా ఇంట్లో యుద్ధాలు
మీటరు దగ్గరే సంధి చేసుకుంటాయి.

ఈ రాత్రి మాత్రం ఒక్క పది నిమిషాలన్నాను.
బాగుచేయించని కంట్రోలర్ చాప మీద పెట్టి
మంచినీళ్ళకి లేచానో లేదో
నా రౌతు తనంతట తానే
ఎడమకి నడవడం మొదలుపెట్టాడు.
దారి వదిలి, రెల్లు గడ్డిలోంచి,
నేను ఎన్నడూ తీసుకెళ్ళని వైపు.
అక్కడ శత్రువు లేడు, నాణేలు లేవు,
గెలవాల్సిందేమీ లేని ఒక ఏటి ఒడ్డు,
నీళ్ళలో తల ముంచి లేస్తున్న రెండు కొంగలు.

"వీడెక్కడికి పోతున్నాడు?" అంది వకుళ.
"తెలీదు."
వంగి తీసుకోబోతుంటే
నా మణికట్టు పట్టుకుంది.
"పోనీ. చూద్దాం."

పొద్దున రైల్లో నిలబడి ఉంటే
నా ఎడమ బొటనవేలు
ఏమీ లేని గాలిని కుడికి నెడుతోంది.
అలవాటైపోయింది దానికి.

రాత్రి పుస్తకం తెరిచాను.
ముందు పేజీలో, గ్యాసుకీ చీటీకీ నడుమ,
ఇరికించి రాసిన నీలం అక్షరాలు:
ఎడమ స్టిక్ తొమ్మిదొందలు, వచ్చే నెల చూద్దాం.
చూద్దాం కింద రెండు గీతలు.

మీటరు దగ్గరికి వెళ్ళొచ్చాను.
ఇంకా పదకొండు యూనిట్లున్నాయి.